ఇరుసు చెప్పే లెక్క

కారుకు కొత్త అల్లాయ్ రిమ్ములు కొనేవాళ్లు ముందు సైజు అడుగుతారు, తర్వాత డిజైను చూస్తారు. వెనకవైపు అచ్చుపోసి ఉండే 'ఈటీ 45' లాంటి అంకె జోలికి చాలామంది వెళ్లరు. ఆ అంకే ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడుమ గీత గీస్తే, హబ్బుకు ఆనే ముఖం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అది చెబుతుంది. బయటివైపుంటే ప్లస్, లోపలివైపుంటే మైనస్. ఇదేదో విదేశీ కార్లతో దిగిన కొత్త లెక్క అనుకుంటాం గానీ, చక్రం ఎక్కడ నిలబడాలో ఇరుసే తేల్చాలన్న నియమం మోటార్లకంటే చాలా పాతది. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా బండ్ల చరిత్ర చూస్తే అది తెలుస్తుంది.

ఎడ్లబండి చక్రంలో ఆకులు నడిమి దిమ్మె మధ్యలోనే దిగేవి. బరువు దిమ్మె రెండు కొసల మీదా సమంగా పడేది. ఇప్పటి మాటలో ఆఫ్‌సెట్ సున్నా. ఇరుసు పొడవు కూడా ఎవరి ఇష్టం వాళ్లది కాదు. ఎర్రనేల, నల్లరేగడి పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. రేగడి బాటలో వానలకు పడ్డ గాడి ఎండాకాలానికి రాయిలా బిగుసుకుంటుంది. చక్రాల మధ్య ఎడం తేడాగా ఉన్న బండికి ఒక చక్రం గాడిలో, ఇంకొకటి గట్టుమీద. ఎడ్ల మెడలే ఆ తప్పుకు శిక్ష అనుభవించేవి. తర్వాత రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చాయి, లారీలు పెరిగాయి. ఇవాళ 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆగిన ఏ లారీనైనా చూడండి. ముందు చక్రం నడుమ బయటికి ఉబ్బి ఉంటుంది, వెనక జంటలో బయటి చక్రం నడుమ గుంటలా లోపలికి పోయి ఉంటుంది. రెండూ ఒకే రకం చక్రాలే. వెనక జంటలో ఒకదాన్ని తిప్పి, వీపుకు వీపు ఆనించి బిగిస్తారు. నిండు లోడులోనూ రెండు టైర్లు ఒరుసుకోకుండా కాపాడే సందు ఆ ఆఫ్‌సెట్ ఇచ్చిందే.

కార్ల దగ్గరికొస్తే అంబాసిడర్‌లో ఇంజన్ ముందు, తోపుడు వెనక చక్రాలది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలను తిప్పే ఇరుసులు అన్నీ ముందు చక్రాల నడుమ ఇరుక్కున్నాయి. హబ్బు బయటికి జరిగింది, బ్రేకు రిమ్ము లోపలికి దూరింది. అందుకే ఇలాంటి కార్లలో ఆఫ్‌సెట్ పెద్ద ప్లస్ అంకె. ఇప్పుడు ఐదున్నర అంగుళాల ఈటీ 45 రిమ్ము తీసి, ఏడు అంగుళాల ఈటీ 35 బిగిస్తే? పెరిగిన ఒకటిన్నర అంగుళంలో సగం, అంటే 19 మిల్లీమీటర్లు అటూ ఇటూ పోవాలి. ఆఫ్‌సెట్ తగ్గినందుకు మరో 10 బయటికి జరుగుతుంది. మొత్తమ్మీద బయటి అంచు 29 మిల్లీమీటర్లు ఫెండర్ వైపు వస్తుంది, లోపలి అంచు 9 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపు జరుగుతుంది.

చక్రాలు ఎడంగా ఉంటే బండి నిలకడగా ఉండదా అని అడుగుతారు. మలుపుల్లో కొంత ఉంటుంది, నిజమే. కానీ ఆ 10 మిల్లీమీటర్ల మేర బరువు బేరింగుకు దూరంగా పడుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగు చేతిని గుంజుతుంది. ట్రాక్టరు వెనక చక్రాలు తిప్పి బిగించి సాళ్లకు తగ్గట్టు ఎడం మార్చుకోవడం లేదా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి కాబట్టి ఇక్కడ అడగదగ్గదే. అయితే ట్రాక్టరు ఇరుసును ఆ మార్పు కోసమే కట్టారు, అది నడిచేది నెమ్మదిగా. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందకు పోయే కారుకు ఆ వెసులుబాటు ఎవరూ కట్టి ఇవ్వలేదు. హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసర్ బిళ్ల వేసినా ఇదే సంగతి. దాని మందం ఎంతో ఆఫ్‌సెట్ అంత తగ్గినట్టే.

కొత్త రిమ్ములకు డబ్బు కట్టేముందు కంపెనీ చక్రం ఒకటి విప్పించి, వెడల్పు, ఆఫ్‌సెట్ రెండూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టుకునే దుకాణంలో బేరం మొదలుపెట్టండి.