ఫ్లోరోసిస్: కారణం దొరికింది, దిక్కు దొరకలేదు

పొదిలి, దర్శి, కనిగిరి మెట్ట ఊళ్లలో ఆ జబ్బును మొదట పసిగట్టింది వైద్యులు కాదు, రైతులు. అప్పట్లో ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. కాడి ఎద్దులకు కీళ్లు బిగుసుకుపోయి అడుగు పడకపోవడం ముందుగా వాళ్ల కంటనే పడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు గాని అదే జబ్బు మనుషుల్లోనూ ఉందని బయటపడలేదు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి ఈ ఊళ్ల సంగతిని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. పిల్లల గార పళ్లకూ, పెద్దవాళ్ల వంగని నడుములకూ, మెడ తిప్పలేని తనానికీ మూలం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. నీటిలోని ఫ్లోరైడే పళ్లకు మచ్చలు తెస్తుందని అమెరికాలో రుజువైంది 1931లో. ఫ్లోరిన్ విషప్రభావం మీద డెన్మార్క్ వైద్యుడు రోహోల్మ్ పెద్ద గ్రంథం వెలువరించింది కూడా ఈ 1937లోనే. అంటే పొదిలి ప్రాంతపు శాస్త్ర పరిజ్ఞానం ప్రపంచం కంటే పెద్దగా వెనకబడి లేదు. మరి ఆ తర్వాత ఎనభై ఏళ్ల పాటు కృష్ణా నదికి ఇటూ అటూ తరాల తరబడి నడుములు ఎందుకు వంగిపోయాయి? పరిశోధన చాలకనో, ఆలస్యమయ్యో అన్న జవాబు ఇక్కడ చెల్లదు. పరిశోధన సకాలంలోనే జరిగింది. అది కనిపెట్టిన సంగతిని తనదనుకున్న ప్రభుత్వ శాఖ మాత్రం లేకపోయింది.

ఈ జబ్బు తత్వమే అలాంటిది. దాని పుట్టుక రాతిలో. మన మెట్టల కింద ఉన్న గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు కలిసి ఉంటాయి. క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీరు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. కాబట్టి కారణం భూగర్భ శాస్త్రవేత్తకు తెలుస్తుంది. నీరు తోడేది ఇంజనీరు. ఆ నీటితో జొన్న పండించేది రైతు. ఎముక పాడయ్యాక చూసేది వైద్యుడు, అతని దగ్గరేమో మందు లేదు. గట్టిపడిన వెన్నెముకను మళ్లీ మామూలుగా చేసే చికిత్స ఇప్పటికీ లేదు. కారణం నీరని తేలిన రోజే ఉన్న ఒక్క మందూ తేలిపోయింది: నీరు మార్చడం. అయితే ఆ చీటీ రాసిన వైద్యుడి చేతిలో ఒక్క చెరువూ లేదు, ఒక్క కాలువా లేదు. పండిట్ బృందం 1940లో మరో అడుగు వేసి, జబ్బు తీవ్రతకు నీటితో పాటు తిండికీ సంబంధం ఉందని చూపింది. అంటే వ్యవహారంలోకి ఆహారం కూడా వచ్చింది. చిక్కు ముడి విప్పిన కొద్దీ కొత్త పోగులు బయటపడ్డట్టు, ప్రతి పరిశోధనా ఇంకో శాఖను కేసులో చేర్చింది. ఏ శాఖా కేసును తీసుకోలేదు.

కృష్ణకు ఉత్తరాన నైజాం రాజ్యంలో ఉన్న నల్లగొండది మరో రకం కథ. అక్కడి జబ్బు గురించి ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది 1955లో. పొదిలి వ్యాసానికీ దీనికీ మధ్య పద్దెనిమిదేళ్లు. రాయి ఒకటే, నీరు ఒకటే, రోగం ఒకటే. పరిపాలనలు మాత్రం వేరు. అందుకే ఒకచోట తేలిన విషయం మరోచోట మళ్లీ మొదటి నుంచి తేలాల్సి వచ్చింది. అదే 1955 డిసెంబరులో నల్లగొండ జిల్లాలోనే నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. జిల్లా ఎముకల గురించి వైద్య పత్రికలో వ్యాసం, జిల్లా నీళ్ల గురించి నదిలో ఆనకట్ట, రెండూ ఒకే ఏడాదివి. వాటి మధ్య మాత్రం మాటామంతీ లేదు. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పల్లపు నేలలను మాగాణి చేసింది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి ఎత్తుమీద ఉన్నాయి కాబట్టి ఆ నీరు అటు పారలేదు. జబ్బు ముదిరింది సరిగ్గా ఆ ఎత్తు ఊళ్లలోనే.

దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి డబ్బెక్కడిది, వేల ఊళ్లకు నది నీళ్లు ఎక్కించడం సాధ్యమా అని. నది నీళ్లు అందరికీ ఇవ్వడం సాధ్యం కాదనే ఒప్పుకుందాం. కానీ ఆ రోజుల్లో జరిగింది చేతులు కట్టుకు కూర్చోవడం కాదు, తాగునీటి మీద పెద్ద ఖర్చే జరిగింది. కలరా, నారికురుపు వంటి జబ్బులు దిగుడు బావుల నుంచి వస్తున్నాయని, 1960ల చివరి కరువుల తర్వాత ఊరూరా బోర్లు వేసి చేతిపంపులు బిగించారు. సూక్ష్మజీవుల లెక్కలో ఆ నీరు నిజంగా శుభ్రమైనదే. నారికురుపు దేశం నుంచి పోవడంలో ఆ పంపుల పాత్ర తక్కువది కాదు, దాన్ని కాదనడం అన్యాయం. అయితే వాననీరు కలిసే పైపొరల బావి కంటే లోతు బోరు నీరు రాతితో ఎక్కువ కాలం గడిపిన నీరు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఆ తేడాయే ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పంపు బిగించేముందు ఆ ఒక్క పరీక్ష చేయించడానికి నది అక్కర్లేదు, ఆనకట్ట అక్కర్లేదు. 1937 నాటి వ్యాసం బోర్లు వేసిన శాఖ బల్లమీద ఉంటే చాలేది. కనుక డబ్బు లేమి అన్న వాదన సగమే నిలుస్తుంది.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో ప్రకటించిన వ్యాసంతో మొదలైన పరిశోధన ఈ చరిత్రలో నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో అంతకుముందు చూడని రూపంలో జబ్బు వస్తోందని వారు గమనించారు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు లోపలికి వంగిపోవడం, అదీ ఎక్కువగా ఎదిగే మగపిల్లల్లో, జొన్నన్నం తినే ఇళ్లలో. ఆసుపత్రిలో కూర్చుంటే ఇది ఎముకల జబ్బు మాత్రమే. ఆ తర్వాతి ఏళ్లలో ఆ సంస్థ పరిశోధకులు నేలనూ గింజనూ కూడా పరీక్షకు పెట్టారు. జలాశయం వల్ల భూగర్భ జలమట్టం పెరిగి నేలలో క్షారం పెరుగుతుంది, అలాంటి నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం ఎక్కువవుతుంది, అది ఒంట్లోని రాగిని బయటికి తోసేస్తుంది, రాగి తగ్గిన ఎముకను ఫ్లోరైడ్ మరింత సులువుగా వంచుతుంది. వారు అల్లిన కారణాల వరుస ఇది. ఆనకట్ట, నేల, పంట, పళ్లెం, ఎముక: అన్నీ ఒకే వాక్యంలోకి వచ్చింది ఇక్కడే.

ఆ వరుస మొత్తం రుజువైందా అంటే, కాలేదు. కాల్షియం కరువే అసలు కారణమని వాదించిన వైద్యులున్నారు, వారి ఆధారాలూ తేలికైనవి కావు. ఆనకట్టలను వ్యతిరేకించేవారు ఈ పరిశోధనను దాని మోతాదుకు మించి వాడుకున్నారన్నది కూడా నిజమే. కానీ పరిశోధన విలువ చివరి జవాబు సరైందా కాదా అన్నదాన్ని బట్టే కొలిస్తే అసలు లాభం చేజారుతుంది. సాగునీటి పథకం లెక్కల్లో మనిషి ఎముక కూడా ఒక పద్దు అని ఆ పరిశోధన చూపింది. మాలిబ్డినం సంగతి రేపు పూర్తిగా తప్పని తేలినా ఆ పద్దు కొట్టేయడానికి వీల్లేదు.

నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన విధానానికి నల్లగొండ జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అని అది దేశాలు తిరిగింది, ఆఫ్రికా దాకా పోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిని తేర్చడం, అంతే. రసాయన శాస్త్రపరంగా అది పనిచేసేదే. వంక ఎక్కడంటే, నీళ్ల గుణాన్ని బట్టి పటిక పాళ్లు మారాలి, అడుగున చేరిన బురదను రోజూ పారబోయాలి, పటిక కొనడానికి ప్రతి నెలా డబ్బు ఉండాలి. ఇవన్నీ ఎవరో ఒకరు ఏళ్ల తరబడి చేయాల్సిన పనులు. ఆ ఎవరో ఒకరు ఏ శాఖ మనిషి? ఇంత మంచి విధానం కనిపెట్టిన తర్వాత కూడా దాని పేరు మోసిన జిల్లాయే వంకర కాళ్లకు గుర్తుగా మిగిలిపోయిందంటే, లోపం పటికలో లేదు. పోషకాహార సంస్థవారు తర్వాతి కాలంలో చింతపండు ఒంట్లోని ఫ్లోరైడ్‌ను మూత్రం ద్వారా ఎక్కువగా పంపిస్తుందని కూడా చూపారు. మన పులుసుకు అది గౌరవమే గాని, పులుసు తాగమనడం తాగునీటి విధానం కాదు.

జబ్బుకు దిక్కు దొరికింది ప్రయోగశాలలో కాదు, ఎన్నికల్లో. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి నిలిచారు. నీళ్ల సమస్య దేశం చెవిన పడాలని ఉద్యమకారులు చేయించిన పని అది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. అలాంటి పోటీలు చూశాక పార్లమెంటు చేసిన పనుల్లో ఒకటి, అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచడం. నీళ్లు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఉద్యమాలు ఎన్ని జరిగినా, చివరికి ఇంటింటికీ నల్లా ద్వారా నది నీరు ఇచ్చే మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసినప్పుడు తాగునీటికి నది నుంచి ఇంటి దాకా ఒకే యంత్రాంగం బాధ్యత తీసుకుంది. అందులో కొత్త సైన్సు ఏమీ లేదు. 1937లోనే తేలిపోయిన మందు అది. రాజకీయ ఒత్తిడి లేకుండా పరిశోధన ఎక్కడా అమలు కాదు కదా, ఇందులో వింతేముందని అనేవారుంటారు. నారికురుపు విషయంలో అలా జరగలేదు. దాని నిర్మూలనకు ఒక జాతీయ కార్యక్రమం, ఒక బాధ్యుడు, ఊరూరా లెక్క ఉన్నాయి. 2000 నాటికి దేశానికి ఆ జబ్బు లేదన్న ధ్రువపత్రం వచ్చింది. ఫ్లోరోసిస్ మీద జాతీయ కార్యక్రమం మొదలైందే 2008-09లో, పొదిలి వ్యాసం వచ్చిన డెబ్బై ఏళ్లు దాటాక.

ఇక ఆ పొదిలి, కనిగిరి వైపు కృష్ణ నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. దాని సొరంగాల తవ్వకం 2024 దాకా సాగింది.