పాండవుల గుట్టలు: ఎక్కే దారి, దిద్దుకోవలసిన పాఠం



గత మాసంలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. అతడిప్పుడు మహబూబాబాదు జిల్లాలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాడు. తన పిల్లలను భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలకు తీసుకుపోతున్నాడట. దారి, వేళ, వెంట ఉండవలసిన వస్తువులు చెప్పమన్నాడు. చెప్పాను. వ్రాసుకున్నదంతా తిరిగి చదివి వినిపించి, చివర, "బొమ్మల మీద చల్లనీకి ఇంకో రెండు సీసల నీళ్ళు పట్టుకపోతా సార్, మీరు మాకు చల్లి చూపించిండ్రు గదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ మాటకు సమాధానమే ఈ వ్యాసం.

ముందు దారి సంగతి. జనగామ వారు కాజీపేటకు, మహబూబాబాదు వారు వరంగల్లుకు రైలులో వచ్చి, హన్మకొండలో భూపాలపల్లి బస్సు ఎక్కాలి. పరకాల దాటిన తరువాత రేగొండ వస్తుంది. అక్కడ దిగి ఆటోలో రావులపల్లి వైపు వెళ్ళాలి. వరంగల్లు నుండి మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. కార్తీకం మొదలు మాఘం వరకు అనువైన కాలం. ఎండాకాలంలో రాయి కాలుతుంది, వానాకాలంలో పాకుడు పడుతుంది. తెల్లవారుతూనే నడక మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే దిగిరావాలి. పట్టున్న బూట్లు, తలకు రుమాలు, తాగే నీరు తప్పనిసరి. చరియల క్రింద తేనెపట్లు ఉంటాయి కనుక పొగ, కేకలు కూడవు. ఊరివారిని ఒకరిని తోడు తీసుకోకుండా పోరాదు.

ఆ తోడు వచ్చిన మనిషి నోట వినిపించే పేర్లే అసలైన దారిపటం. మేకల బండ, ముంగిస బండ, తుపాకుల గుండు, గొంతెమ్మ గుహ, పంచపాండవుల గుహ, ఎదురు పాండవులు. బండ అంటే పరచుకున్న రాయి, కాలు మోపి నడవవచ్చు. గుండు అంటే విడిగా నిలిచిన రాయి, చుట్టి పోవాలి. గుహ అంటే నీడ, అలసట తీర్చుకోవచ్చు. భాషాపండితుడనైన నాకు వీటిలో మిక్కిలి ప్రియమైనది గొంతెమ్మ. కుంతికి తద్భవం గొంతి. తీరని కోరికను గొంతెమ్మ కోరిక అని రోజూ అంటూనే ఉంటాం. ఆ గొంతెమ్మకు ఇక్కడ ఒక ఇల్లే ఉన్నది.

ఈ గుట్టలలోని శిలాచిత్రాలను 1990లో కనుగొన్నారని గ్రంథాలు చెబుతాయి. గ్రంథాలకు తెలిసిన సంవత్సరం అది. పశువులకాపరులకు అంతకు ఎంతో ముందే తెలుసు, ఆ పేర్లే సాక్ష్యం. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా విషయమూ ఇంతే. వాకణ్కర్ 1957లో ఆ చిత్రాలను లోకానికి చూపాడు, 2003లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అయితే అంతకు ముందే అక్కడివారు దానిని భీముడు కూర్చున్న చోటుగా చెప్పుకొనేవారు. ఎవరు చేశారో తెలియని గొప్ప పనిని పాండవులకు అప్పగించడం మన జాతి అలవాటు.

ఇక్కడి ఇసుకరాతి గోడల మీద, కప్పుల మీద, అడవిదున్న, దుప్పి, పెద్దపులి, చిరుతపులి కనిపిస్తాయి. విల్లంబులు, కత్తులు, బల్లేలు, స్వస్తిక, వలయాలు, చతురస్రాలూ ఉన్నాయి. రంగులు ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ. ఇవన్నీ ఒక్క కాలానివి కావు. చరిత్రపూర్వయుగం నుండి మధ్యయుగం దాకా తరతరాల చేతులు ఇక్కడ పని చేశాయి. పిల్లలకు చెప్పదగిన సూత్రాలు రెండు. ఒక గీత మీద మరొక గీత ఉంటే పైది తరువాతిది. కత్తి ఉన్న బొమ్మ లోహం తెలిసిన కాలానిది. శిలాచిత్రాలలో సర్వసాధారణమైన ఎరుపు జేగురుది, అంటే ఇనుప ఖనిజానిది. బయ్యారం కొండల మట్టిని చూసిన మహబూబాబాదు పిల్లలకు ఆ ఎరుపును వేరే పరిచయం చేయనక్కరలేదు.

ఇక నా తప్పు. 1990వ దశకం చివర, జనగామ ప్రాంతం నుండి పదవ తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. ఒక జంతువు బొమ్మ మసకగా ఉన్నదని ఒకడన్నాడు. నేను సీసా మూత తీసి నీళ్ళు చల్లాను. ఎరుపు ఒక్కసారిగా వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

నీరు ఇసుకరాతిలోకి ఇంకి లోపలి లవణాలను కరిగిస్తుందని, ఆరేటప్పుడు అవి పైకి వచ్చి తెల్లని పొరగా బొమ్మను కప్పుతాయని, రంగును పొడిగా రాల్చుతాయని చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఫ్రాన్సులోని లాస్కో గుహ 1940లో బయటపడింది, 1948లో జనానికి తెరిచారు, 1963లో మూసివేశారు. చూడవచ్చినవారి ఊపిరే అక్కడి చిత్రాలను చెరిచింది. ఊపిరే అంత చేస్తే నా సీసా ఎంత చేసి ఉంటుంది?

పదవీవిరమణ తరువాత మళ్ళీ వెళ్ళాను. బొగ్గుతో, సుద్దతో వ్రాసిన పేర్లు చూసి కోపం వచ్చింది. మరుక్షణమే ఆ కోపానికి నాకు అర్హత లేదని తోచింది. పేరు వ్రాసినవాడు ఒక్క బండను పాడుచేశాడు. నేను నలభైమందికి పాఠం చెప్పి వచ్చాను. ఆ పాఠం ఇప్పుడు మరొక తరగతికి పోబోతున్నది.

అందుకే ఆనాడు ఫోనులోనే ఆ శిష్యునితో అన్నాను: "నాయనా, ఆనాడు నేను చేసింది తప్పు. బొమ్మను తాకవద్దు, తడపవద్దు, సుద్దతో గీతలు దిద్దవద్దు. నీడలో నిలబడి కన్ను అలవాటు పడేదాకా ఓపిక పట్టమను. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి, ఇంటికి వచ్చాక కంప్యూటరులో రంగు పెంచి చూపించు. డీ‑స్ట్రెచ్ అని అందుకే ఒక సాధనం ఉన్నది. మాసిన గీతలు రాయిని తాకకుండానే తేలుతాయి. నేను చెప్పింది తప్పని కూడా పిల్లలకు చెప్పు."

అతడు కొంచెంసేపు ఊరకున్నాడు. తరువాత, "మరి ఆ రెండు సీసలు తగ్గించాల్నా సార్?" అని అడిగాడు.

వద్దన్నాను. దిగేటప్పుడు పిల్లలకు దాహమవుతుంది.