చేతుల చరిత్ర - 9: కిందికి దించిన కారు

చట్టం ఎవరి కోసం రాశారో దాని అక్షరాల్లో దొరకదు. రోడ్డు మీద ఎవరి బండిని ఆపారో చూస్తే తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లాస్ ఏంజిలస్‌లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు పాత షెవర్లేలు కొని ఇంటి షెడ్డులోనే బాగుచేసుకున్నారు. తెల్ల కుర్రాళ్లు బండిని వేగం కోసం మార్చుకుంటుంటే, వీళ్లు స్ప్రింగులు కోసి, డిక్కీలో ఇసుక బస్తాలు వేసి కిందికి దించారు. నలుగురి కళ్లూ పడేలా మెల్లగా నడిపారు. అవే లోరైడర్లు.

1958 నుంచి కాలిఫోర్నియాలో మార్పులు చేసిన కారులో ఏ భాగమైనా చక్రం రిమ్ము కంటే కిందికి దిగితే నేరం. జరిమానాలు పడ్డాయి. 1959లో రాన్ అగిరే విమానాల పాత హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్‌కు బిగించాడు. పోలీసు కనబడితే కారు పైకి, దాటిపోతే కిందికి!

జెస్సీ వలడెజ్ గులాబీల ఇంపాలా 'జిప్సీ రోజ్' 2017లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో చేరింది. ఆ నిషేధం మాత్రం లోరైడర్లు పోరాడాక 2024 జనవరి 1న గానీ పోలేదు. అప్పటిదాకా కారు వారసత్వం, దాన్ని కిందికి దించడం నేరం.

నేను డాక్టరేట్ కోసం చదివిన పుస్తకాల్లో పండితుడి చేతిలో గంటమే ఉండేది. స్పానర్ పట్టిన చేతినీ నేను ఆ వరసలోనే కూర్చోబెడతాను.

(ఇంకా ఉంది)