మత్తువాయువు: పక్కవారి ఊపిరి

మత్తుమందు చరిత్రలో హైదరాబాదుకు ఒక చోటు ఉంది. 1888, 1889 సంవత్సరాలలో నిజాం పోషణతో, సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు క్లోరోఫాం కమిషన్లు అక్కడ పనిచేశాయి. వందలాది కుక్కలకూ ఇతర జంతువులకూ క్లోరోఫాం పట్టి చూశారు. ముందు ఆగేది శ్వాసా, గుండెకాయా అన్నదే వారి ప్రశ్న. ఆ గదిలో గంటల తరబడి నిలబడినవారు ఏమి పీల్చారన్నది ఆ ప్రశ్నలో భాగం కాలేదు.

బోస్టన్‌లో 1846లో ఈథర్ విజయం సాధించిన తరువాత ఈ సందేహం గట్టిగా తలెత్తడానికి నూటయిరవై ఏళ్ళు పట్టింది. 1967లో సోవియట్ పరిశోధకుడు వైస్మన్ మత్తువైద్యం చేసే స్త్రీల 31 గర్భాలను లెక్కించగా, 18 గర్భస్రావాలుగా ముగిశాయి. సంఖ్య చిన్నదే, కలవరం పెద్దది. పెద్ద సర్వేలు వెంట వచ్చాయి. 1977లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్, హాలోథేన్ వంటి వాయువులకు గాలిలో పదిలక్షల పాళ్ళకు 2 పాళ్ళు, నైట్రస్ ఆక్సైడ్‌కు 25 పాళ్ళు మించరాదని సిఫారసు చేసింది. ఆ సర్వేలు జ్ఞాపకాలపై, వచ్చిన జవాబులపై ఆధారపడ్డాయని విమర్శకులు తరువాత ఎత్తిచూపారు. అనుమానం రుజువు కాలేదు. అలాగని తొలగనూ లేదు.

పశువైద్యశాలలో ఈ చిక్కు మరింత పదునైనది. పిల్లి వంటి చిన్న ప్రాణికి మాస్కు ముఖానికి సరిగా అమరదు. మత్తుపెట్టె మూత తెరవగానే లోపలి వాయువంతా గదిలోకి వస్తుంది. ఫిలిప్ ఎయిర్ 1937లో పసిపిల్లల కోసం రూపొందించిన టీ-గొట్టం చిన్న జంతువులకూ చక్కగా పనికివచ్చింది. అయితే దానికి వాయుప్రవాహం ఎక్కువ కావాలి, మిగులు తెరిచిన కొసనుంచి బయటికి పోతుంది. మేలుకొనే జంతువు నిశ్వాసంలోనూ మత్తు ఉంటుంది. వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది కనుక ముక్కును నమ్మరాదు.

నివారణ సులువైనది. పెట్టెకు బదులు ఇంజెక్షన్‌తో మత్తు ప్రారంభించడం, బుడగ ఉన్న గొట్టం బిగించాకే వాయువు తెరవడం, రోజూ లీకు పరీక్షించడం, విప్పేముందు ఆక్సిజన్‌తో కడగడం, మిగులును గొట్టం ద్వారా ఆరుబయటికి పంపడం. బొగ్గు డబ్బా హాలోథేన్, ఐసోఫ్లూరేన్‌లను పట్టి ఉంచుతుంది గానీ నైట్రస్ ఆక్సైడ్‌ను ఆపలేదు.

తిరుగులేని రుజువు కోసం ఆగి ఉంటే, ఆ నిరీక్షణ మూల్యం చెల్లించవలసింది గదిలో పనిచేసే గర్భిణి. ఒక గొట్టానికయ్యే ఖర్చు అంతకన్న ఎన్నడూ ఎక్కువ కాదు.