గింజపప్పుల నుండి శక్తి శోషణ
గింజపప్పుల నుండి శక్తి శోషణ అనునది పప్పును తిను రూపమును బట్టి మారును. బాదం, వేరుశనగ వంటి గింజలలో నూనె సూక్ష్మకణములలో బంధింపబడి యుండును. పీచుతో నిర్మితమైన కణకవచమును మానవుని జీర్ణరసములు ఛేదింపజాలవు. నమలుటవలన పగిలిన కణములలోని నూనె సులభముగా జీర్ణమగును. పగలని వానిలోనిది చాలవరకు మలముతో పోవును.

పొట్లములపై ముద్రించు కేలరీలు సాధారణముగా 19వ శతాబ్దాంతమున విల్బర్ ఆట్‌వాటర్ రూపొందించిన గుణకములతో (మాంసకృత్తులు 4, పిండిపదార్థములు 4, కొవ్వు 9) లెక్కింపబడును. ఈ లెక్కకు కణకవచముతో పనిలేదు. దాని ప్రకారము గ్రాము బాదంలో సుమారు 6 కిలోకేలరీలు కలవు. కాని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు 2016లో ప్రచురించిన పరిశోధనలో గ్రాము పచ్చి బాదం నుండి 4.42, వేయించినదాని నుండి 4.86, వేయించి తరిగినదాని నుండి 5.04 మాత్రమే లభించినవి. మెత్తగా నూరిన బాదం వెన్న నుండి మాత్రము 6.53 లభించినవి. కావున బరువు తగ్గగోరువారు పొట్లముపై అంకెకు జడిసి గుప్పెడు పప్పును మానుకొననక్కరలేదు. నూరిన ముద్దకు ఈ వెసులుబాటు లేదు.

వేరుశనగపై 1980లో వెలువడిన అమెరికా పరిశోధనలో, గింజలుగా తిన్నపుడు ఆహారపు కొవ్వులో సుమారు 18 శాతము, వెన్నగా తిన్నపుడు 7 శాతము, నూనెగా తీసికొన్నపుడు 4.5 శాతము విసర్జింపబడినది. మన ఇడ్లీలోనికి నూరు పల్లీల పచ్చడిని వెన్న పక్షమున చేర్చుట సబబు.