యంత్రము మారినను చెడని రూపము

నిడదవోలు జంక్షనులో చెన్నై–హౌరా ప్రధాన మార్గమునుండి భీమవరం మీదుగా నరసాపురమునకు పోవు రైలుశాఖ చీలుచున్నది. రెండింటను పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లే. కనుక నరసాపురమున బయలుదేరిన బండి నేరుగా ప్రధాన మార్గము నెక్కగలదు. శాఖ 1000 మిల్లీమీటర్ల మీటరుగేజియే యైనచో, ప్రయాణికులు మూటాముల్లెతో దిగి వేరు బండి ఎక్కవలసినదే. కంప్యూటర్ల చరిత్రలో ఇట్టి చిక్కు చిరకాలముగా కలదు.

బొమ్మలు, పటములు గీయు ప్రోగ్రాము తెరపై గీత గీయవలెనన్నను, ఫైలు దాచవలెనన్నను ఆపరేటింగు సిస్టమును అడుగవలెను. విండోసును అడుగు పద్ధతి వేరు, మాకింటోషును అడుగు పద్ధతి వేరు, లినక్సును అడుగు పద్ధతి వేరు. అందుచే ఒకదానికై వ్రాసిన ప్రోగ్రాము వేరొకదానిపై నడువదు.

ఈ చిక్కునకు మొదటి మార్గము ప్రతి సిస్టమునకు ప్రోగ్రామును వేరుగా సిద్ధపరచుట. ఇంజనీర్లు పటములు గీయు ఆటోకాడ్ 1982లో వెలువడి, పలు సిస్టములపై నడచెను. కాని ఎన్ని సిస్టములో అన్ని రెట్లు శ్రమ. 1997 నాటి 14వ విడుదల విండోసునకే పరిమితమయ్యెను. మాకింటోషునకు అది మరల వచ్చినది 2010లో. రెండవ మార్గము దుబాసీ వంటిది. 1993లో ఆరంభమైన వైన్ అను సాఫ్టువేరు, విండోసు ప్రోగ్రాము అడుగు కోరికలను లినక్సునకు తెలియునట్లు మార్చి చెప్పును. అయినను అన్ని ప్రోగ్రాములును దానిపై సరిగా నడువవు.

ప్రోగ్రాము నడచినంత మాత్రమున పని ముగియదు. ఫైలులోని అక్షరములును నిలువవలెను. తెలుగువారికి అసలు కష్టము ఇచ్చటనే కలిగెను. పేజీమేకరు 1985లో మాకింటోషునకును, 1987లో విండోసునకును వచ్చెను. తెలుగునాట ముద్రణాలయములు పెండ్లి శుభలేఖలను, పుస్తకములను దానితోనే కూర్చినవి. ఆనాటి పెక్కు తెలుగు ఫాంటులలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు అక్షరరూపములను అతికించిరి. ఫైలులో నిలుచునది ఇంగ్లీషు సంఖ్య. తెలుగుదనము ఫాంటులోనే కలదు. నిడదవోలులో నొక ఉన్నతపాఠశాల సంచికను ఇట్లు కూర్చిరనుకొందము. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో, విద్యార్థి వ్రాసిన పద్యము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనిపించును.

1991లో వెలువడిన యూనికోడు ఈ ముడిని విప్పెను. అందు ప్రతి తెలుగు అక్షరమునకు సొంత సంఖ్య కలదు. ‘క’ సంఖ్య 3093. విండోసులోనైనను లినక్సులోనైనను ఆ సంఖ్య మారదు. అట్లే 2001లో ప్రమాణముగా వెలువడిన ఎస్.వి.జి. పద్ధతిలో దాచిన బొమ్మను, మూడు సిస్టములపైనను నడచు ఇంక్‌స్కేపు వంటి ఉచిత సాఫ్టువేరుతో తెరచి దిద్దవచ్చును.

కావున పాఠశాల సంచికను అచ్చువేయునపుడు, దాని పాఠమును యూనికోడులో వేరుగా దాచుట మేలు. బండి మారవచ్చును గాని, సరకు చెడరాదు.