సముద్రం ఏడుంది?

2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకి కాళేశ్వరం వెళ్తూ నాలుగేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకు వెళ్ళాను. దాని సంచీలో బట్టలకంటే భద్రంగా ఉన్నది ఒక బొమ్మల పుస్తకం. ఒక తిమింగలం, రెండు తాబేళ్ళు, మూడు పీతలు... ఇలా పది దాకా సముద్రపు జీవులతో లెక్క నేర్పే పుస్తకం. స్నానాలయ్యాయి, దర్శనమైంది. చెట్టునీడన చాప పరిచానో లేదో, “చదువు అమ్మమ్మా” అంటూ వచ్చి ఒళ్ళో కూచుంది. పిల్లలకి చదివి వినిపించడమంటే ఏమిటో మీకు చెప్పాలా? అదే పుస్తకం, అదే గొంతు, పదోసారి. నిద్రమత్తులో ఒక్క మాట మింగేశామా, పట్టేసుకుంటారు!

తిమింగలం దగ్గర ఆపి అడిగింది: “సముద్రం ఏడుంది?”

“ఏడు కాక ఎన్నమ్మా? సప్తసముద్రాలు!” అంది పక్కనున్న మా కోస్తా వియ్యపురాలు. మా వైపు ‘ఏడుంది’ అంటే ‘ఎక్కడుంది’ అని చెప్పేసరికి ఇద్దరం ఒకటే నవ్వు.

నవ్వు సరే, జవాబేదీ? కాళేశ్వరంలో చూద్దామంటే నది, అడవి. ప్రాణహితను కలుపుకున్న గోదావరి ఇక్కణ్ణుంచి భద్రాచలం, రాజమండ్రి దాటి, పాయలై, అంతర్వేది దాకా పోతేగాని సముద్రం ముఖం చూడదు. ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన మా అమ్మ సముద్రం చూడకుండానే వెళ్ళిపోయింది. ఆవిడకి చదువూ రాదు. అది ఆవిడ తప్పు కాదు. 1948 దాకా నిజాం రాజ్యంలో బడి చదువంటే ఎక్కువగా ఉర్దూలోనే. హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది గాని, ఆ పుస్తకాలు పల్లెల్లో వంటింటి గడప దాకా ఎలా వస్తాయి? 1951 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తం మీద నూటికి తొమ్మిదిమంది ఆడవాళ్ళకే చదువొచ్చు. “నీకు నాలుగు ముక్కలు చదివి వినిపిద్దామంటే నాకు రాకపాయె బిడ్డా” అని అమ్మ ఎన్నిసార్లు నొచ్చుకునేదో! నేనూ పెద్దయ్యేదాకా అది లోటనే అనుకున్నాను.

మనవరాలి ప్రశ్నతో చప్పున తట్టింది. అమ్మ నాకు లెక్క నేర్పిందే సముద్రపు జీవులతో!

అష్టాచెమ్మా ఆడే ఉంటారుగా? నాలుగు గవ్వలు గలగలా ఊపి వేస్తే, వెల్లకిలా పడ్డవెన్నో అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లాపడితే అష్టా, ఎనిమిది. ఆ గవ్వేమిటి? సముద్రంలో పాకే ఓ నత్త కట్టుకున్న ఇల్లు. మాల్దీవుల తీరాల్లో ఏరి ఓడలకెత్తి మన దేశానికి తెచ్చేవారు. బెంగాల్, ఒరిస్సాల్లో 19వ శతాబ్దం దాకా గవ్వలు డబ్బుగా చెల్లాయి. ఆ చలామణీ పోయినా మన నోట ‘చిల్లిగవ్వ’ మిగిలింది. నెలాఖరున మనం రోజూ తలుచుకునేది దాన్నేగా!

చిన్న లెక్కకి గవ్వ అయితే, పెద్ద లెక్కకి శంఖం. అదీ సముద్రపు నత్త గుల్లే. 9వ శతాబ్దపు జైన పండితుడు మహావీరాచార్యుడు ఏకం, దశం, శతం అంటూ 24 స్థానాలకి పేర్లు చెప్పాడు. అందులో పంతొమ్మిదోది శంఖం. ఒకటి పక్కన పద్ధెనిమిది సున్నాలన్నమాట! ఆయన గణితాన్ని పావులూరి మల్లన దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అన్నట్టు, ఆ పాత గణితకారుల మాటలెక్కలో చంద్రుడంటే ఒకటి, కళ్ళంటే రెండు, సముద్రమంటే నాలుగు. మా వియ్యపురాలి ఏడు అక్కడ చెల్లదు సుమండీ!

సాయంత్రం గుళ్ళో శంఖం ఊదితే మనవరాలు ఉలిక్కిపడింది. “అది సముద్రంలోంచి వచ్చిందే” అన్నాను. నమ్మనట్టు చూసింది. సరే, లెక్కపెట్టమన్నాను. కాళేశ్వరంలో లెక్కకి కొదవా? ఒక పానవట్టం. దానిమీద రెండు లింగాలు, కాళేశ్వరుడూ ముక్తేశ్వరుడూ. మూడు నదులు.

“రెండే ఉన్నాయి గదా?”

“మూడోది సరస్వతి. లోపల పారుతుందంటారు, కంటికి కనబడదు.”

“కనబడకపోతే ఎట్ల లెక్కపెట్టాలె?”

“చెప్తుంటే వినాలె. విని లెక్కపెట్టాలె.”

నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు, అది అచ్చంగా మా అమ్మ మాట. చూడనిదాన్ని పిల్లల లెక్కలోకి తెచ్చేది పక్కనున్నవాళ్ళ గొంతే. పుస్తకం ఉంటే మంచిదే, ఆ గొంతుకి తోడు. అది చేతికిచ్చి మనం వంటింట్లోకి జారుకుంటే మాత్రం తిమింగలం ఒట్టి బొమ్మే.

తిరిగొచ్చాక ఇంట్లో ఉన్న నాలుగు గవ్వలు వెతికి దాని చేతిలో పోశాను. అవి బోర్లాపడ్డాయి. “అష్టా!” అన్నాను. అది పరిగెత్తుకెళ్ళి పుస్తకం తెచ్చి ఆక్టోపస్ బొమ్మ తీసింది. కాళ్ళు లెక్కపెట్టింది. ఎనిమిది.

అమ్మ ఉంటే చెప్పేదాన్ని, “నువ్వు చదివించిన పాఠమే ఇదీ” అని.